టీలో అన్నీ వేస్తున్నా వాసన రావట్లేదా? ఏది ఎప్పుడు వేయాలో చూడండి

మీ ప్రశ్నలో నాకు అర్థమైనది ఇది. ఇంట్లో పాల టీ పెడుతున్నారు. అల్లం, యాలకులు, లవంగాలు, దాల్చినచెక్క, తులసి అన్నీ ఒకేసారి గిన్నెలో వేసి పది నిమిషాలు మరిగిస్తున్నారు. అయినా కప్పులో పరిమళం ఉండట్లేదు, వగరూ చేదూ మాత్రం మిగులుతున్నాయి. అల్లం వేసిన రోజు అప్పుడప్పుడు పాలు విరుగుతున్నాయి. చక్కెర బదులు బెల్లం వేస్తే అదీ విరుగుతోంది. సీసాల్లో దొరికే ఎసెన్సులు, ఫ్లేవర్ పొడులు వద్దు, సహజంగా దొరికేవాటితోనే రుచి రావాలని మీ కోరిక.

తప్పకుండా వస్తుంది. ముందు జవాబు సూటిగా చెప్పేస్తాను, కారణాలు తర్వాత.

గట్టి దినుసులు టీ పొడి కంటే ముందు, నీళ్లలో వేయాలి. యాలకులు, తులసి, పుదీనా లాంటి లేత ఆకులు అన్నిటికంటే చివర, పొయ్యి కట్టే వేళకు వేసి మూత పెట్టాలి. టీ పొడి ఈ రెండింటి మధ్య, రెండు మూడు నిమిషాలు మరిగితే చాలు. ఒక కప్పుకు ఒక ముఖ్యమైన వాసన, దానికి తోడు ఇంకొకటి. అంతకు మించి వేయకండి. అల్లం నీళ్లలో బాగా మరిగిన తర్వాతే పాలు పోయండి. బెల్లం గిన్నెలో కాకుండా కప్పులో కలపండి.

ఇంత చేస్తే మీ ఇబ్బందులు చాలావరకు తీరతాయి. కానీ ఎందుకు ఇలా చేయాలో తెలిస్తే రేపు ఇంకో దినుసు చేతికి వచ్చినా మీరే నిర్ణయించుకోగలరు. అందుకే వివరంగా రాస్తున్నాను.

నేను టీ కలిపే పనిలో ఇరవై ఏళ్లకు పైగా ఉన్నాను. వేర్వేరు తోటల నుంచి వచ్చిన టీలను రుచి చూసి, ఏ పొట్లం విప్పినా ఒకే రుచి వచ్చేలా పాళ్లు కుదర్చడం మా పని. రోజుకు వంద, రెండు వందల కప్పులు చప్పరించి ఉమ్మేస్తాం. మసాలా టీ మిశ్రమం తయారుచేసే బాధ్యత మొదటిసారి నాకిచ్చినప్పుడు నేను చేసింది కూడా మీరు చేస్తున్నదే. తొమ్మిది దినుసులు వేశాను. మంచివి అన్నీ కలిస్తే ఇంకా మంచిది అవుతుందనుకున్నాను.

నాకు పని నేర్పిన పెద్దాయన ఒక్క గుక్క తాగి ఏమీ అనలేదు. తొమ్మిది కప్పులు పెట్టించి, ఒక్కో దాంట్లో ఒక్కో దినుసుతో మాత్రమే టీ పెట్టమన్నారు. అవి తాగాక మళ్లీ నా మిశ్రమం తాగి, "ఇందులో నీకు ఏవేవి తెలుస్తున్నాయి?" అని అడిగారు. లవంగం తెలిసింది, దాల్చినచెక్క తెలిసింది. మిగతా ఏడు ఎక్కడున్నాయో నాకే దొరకలేదు. ఆ తర్వాత ఒక్కొక్కటే తీసేస్తూ వచ్చాం. ఐదు తీసేసినా తేడా రాలేదు. ఆరోది లవంగం. అది తీయగానే అప్పటిదాకా దాని కింద అణిగిపోయిన యాలకుల వాసన పైకి వచ్చింది. వాసనలు ఒకదాన్నొకటి మింగేస్తాయని ఆ రోజు తెలిసింది.

మసాలాల కంటే ముందు టీ సంగతి

మీరు చెప్పిన వగరు, చేదు మసాలాల వల్ల వచ్చినవి కాకపోవచ్చు. పది నిమిషాలు మరిగితే ఏ టీ అయినా అలాగే అవుతుంది. టీ ఆకులో వగరునిచ్చే పాలీఫినాల్స్ ఉంటాయి. వేడి ఎక్కువయ్యేకొద్దీ, సమయం గడిచేకొద్దీ అవి నీళ్లలోకి ఎక్కువగా దిగుతాయి. టీకి ఉండే సహజమైన వాసన మాత్రం ఆవిరితో పాటు పైకి పోతుంది. కాబట్టి పది నిమిషాల మరుగుతో మీరు వాసనను పోగొట్టుకుని వగరును కూడబెట్టుకుంటున్నారు. ఆ వగరును కప్పిపుచ్చడానికి ఎన్ని యాలకులు వేసినా సరిపోవు.

పాల టీకి ఎక్కువమంది వాడేది సీటీసీ టీ, అంటే చిన్న చిన్న గుండ్రటి రేణువుల్లా ఉండే పొడి. ఆకును యంత్రంలో నలిపి, చీల్చి, చుట్టగా చేస్తారు కాబట్టి రంగు, కడక్‌దనం చాలా త్వరగా దిగుతాయి. దీనికి రెండు మూడు నిమిషాలు చాలు. పొడవాటి ఆకు టీని అసలు మరిగించకూడదు. వేడి నీళ్లు పోసి మూత పెట్టి నాలుగైదు నిమిషాలు ఉంచితే సరిపోతుంది. దాని అందమంతా వాసనలోనే ఉంది, మరిగిస్తే ఆ అందం పోతుంది. గ్రీన్ టీ అయితే మరిగే నీళ్లు కూడా వద్దు. 70 నుంచి 80 డిగ్రీల వేడి చాలు. నీళ్లు మరిగాక పొయ్యి కట్టేసి ఐదారు నిమిషాలు మూత తీసి ఉంచితే దాదాపు ఆ వేడికి వస్తాయి.

కడక్‌గా కావాలంటే ఎక్కువసేపు మరిగించకుండా పొడి కొంచెం ఎక్కువ వేయండి. కప్పుకు ఒక చెంచా, అంటే రెండు, రెండున్నర గ్రాములు మామూలు లెక్క. రుచి పరీక్షల కోసం పెట్టుకున్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 3103లో 100 మిల్లీలీటర్ల నీళ్లకు 2 గ్రాముల టీ, ఆరు నిమిషాలు అని ఉంటుంది. అది చాలా చిక్కని టీ, లోపాలు పట్టుకోవడానికి పెట్టుకున్న కొలత. ఇంట్లో తాగడానికి అంత చిక్కదనం అక్కర్లేదు.

నీళ్ల గురించి ఒక మాట. టీ మీద నూనె తెట్టులాంటి పొర తేలుతోందా? అది చాలాసార్లు నీళ్లలోని సున్నం వల్ల వచ్చేది. కఠినజలంలోని కాల్షియం టీలోని పాలీఫినాల్స్‌తో కలిసి ఆ పొర కడుతుంది, టీ రంగు మసకబారుతుంది, వాసన మొద్దుబారుతుంది. అలాంటి నీళ్లయితే వడపోసిన నీళ్లు వాడి చూడండి. మసాలా ఏమీ మార్చకుండా ఈ ఒక్క మార్పుతోనే టీ తేటపడిన ఇళ్లు నాకు తెలుసు.

అల్లం

అల్లం వేస్తే పాలు ఎందుకు విరుగుతాయో చెబుతాను. పచ్చి అల్లంలో జింజిబెయిన్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది పాలలోని ప్రోటీన్‌ను ముక్కలు చేసి గడ్డకట్టిస్తుంది. గోరువెచ్చగా, ఓ మోస్తరు వేడిగా ఉన్న పాలలో అది బాగా పనిచేస్తుంది. మరిగే వేడి తగిలితే దాని శక్తి పోతుంది. అందుకే అల్లాన్ని ముందుగా నీళ్లలో మూడు నాలుగు నిమిషాలు తెర్లించి ఆ తర్వాత పాలు పోస్తే విరగవు. టీ దింపే ముందు పచ్చి అల్లం తురిమి వేస్తే విరిగే ప్రమాదం ఎక్కువ.

మా అక్క చాలాకాలం ఇలాగే ఇబ్బంది పడింది. "పాలు మంచివి కావురా, మూడు రోజులకోసారి విరుగుతున్నాయి" అని ఫోన్‌లో చెప్పేది. ఒకరోజు ఇంటికెళ్లినప్పుడు పక్కన నిలబడి చూశాను. పాలు, నీళ్లు, టీ పొడి కలిపి వేడి చేస్తోంది. ఇంకా పొంగు రాకముందే, వెచ్చబడుతుండగా అల్లం దంచి రసంతో సహా అందులో వేసింది. "అక్కా, ఆ అల్లం ముందు నీళ్లలో వేసి మరిగించు, పాలు చివర పోద్దువు" అన్నాను. పాలు అవే, అల్లం అదే, విరగడం ఆగిపోయింది. ఇలా చేసినా విరిగితే మాత్రం పాలు నిజంగానే పులుపెక్కి ఉన్నాయని అర్థం. వేడి ఆ పులుపును బయటపెట్టిందంతే.

రుచి విషయానికొస్తే, పచ్చి అల్లం ఘాటు జింజరాల్ అనే పదార్థం వల్ల వస్తుంది. ఉడికేకొద్దీ అందులో కొంత జింజరోన్‌గా మారి ఘాటు తగ్గి, కొంచెం తియ్యటి వాసన వస్తుంది. ఎండబెడితే మరో దారి పడుతుంది. షోగాల్ అనే ఇంకా ఘాటైన పదార్థం తయారవుతుంది. శొంఠి గొంతులో మండేది అందుకే. కాబట్టి తాజాదనం కావాలంటే పచ్చి అల్లం, చలికి గొంతు వెచ్చబడాలంటే శొంఠి. శొంఠి పొడి కప్పుకు రెండు చిటికెలు చాలు. పచ్చి అల్లం కప్పుకు బొటనవేలి గోరంత ముక్కతో మొదలుపెట్టండి. తురమడం కంటే కచ్చాపచ్చాగా దంచడం నాకు ఇష్టం. తురిమితే పిప్పి వడపోతలో అడ్డుపడుతుంది, రసం కూడా ఒక్కసారిగా దిగి ఘాటు మీ చేతిలో ఉండదు.

యాలకులు

వీటి విషయంలోనే ఎక్కువమంది నష్టపోతున్నారు. ఖరీదైన దినుసు, కానీ ముందే వేసి మరిగించి దాని పరిమళాన్ని వంటగది గాలికి ఇచ్చేస్తారు. టీ పెడుతుంటే ఇల్లంతా యాలకుల వాసన వస్తోందని సంబరపడతాం. ఆ వాసన కప్పులో ఉండాల్సింది కదా.

యాలకుల్లోని నూనెలు చాలా తేలిగ్గా ఆవిరైపోతాయి. పచ్చగా, గట్టిగా ఉన్న కాయను అప్పటికప్పుడు చితగ్గొట్టి, గింజలు నలిగేలా చేసి, పొయ్యి కట్టబోయే ముందు వేసి, కట్టగానే మూత పెట్టండి. రెండు నిమిషాలు కదపకండి. రెండు కప్పులకు రెండు కాయలు చాలు. తొక్కలో వాసన తక్కువే ఉంటుంది. దాన్ని పారేయకుండా టీ డబ్బాలో వేయండి, ఎందుకో చివర్లో చెబుతాను. ముందే పొడి కొట్టి సీసాలో పెట్టుకున్న యాలకుల పొడి మొదటి వారం బాగుంటుంది, నెల దాటితే రంపపు పొట్టుకు దగ్గరవుతుంది. మసాలా పొడి తయారు చేసి పెట్టుకోవాలనుకునేవారికి నా సలహా ఒకటే: మిగతావి పొడి చేసుకోండి, యాలకులను మాత్రం కాయలుగానే ఉంచుకోండి.

లవంగం, దాల్చినచెక్క, మిరియాలు

లవంగం మొగ్గ బరువులో దాదాపు 15 నుంచి 20 శాతం నూనే ఉంటుంది. ఆ నూనెలో ఎక్కువ భాగం యూజినాల్. పంటి నొప్పికి లవంగం పెట్టుకుంటే మొద్దుబారేది దీనివల్లే. టీలో రెండు మూడు వేస్తే నాలుక మీద అదే పని చేస్తుంది. నాలుక కాస్త మొద్దుబారాక మిగతా రుచులు ఎలా తెలుస్తాయి? నాలుగు కప్పులకు ఒక్క లవంగం. మీరు వేస్తున్న దినుసుల్లో మొదట తగ్గించాల్సింది ఇదే.

దాల్చినచెక్క రెండు రకాలు. పలుచటి పొరలు చుట్టలుగా ఒకదాంట్లో ఒకటి ఒదిగి, చేత్తో నలిపితే విరిగేది అసలు దాల్చిన. మందంగా, గట్టిగా, ఒకే పొరగా ముడుచుకుని ఉండేది కాసియా. కాసియా ఘాటు ఎక్కువ, కడక్ టీలో నిలబడుతుంది. అసలు దాల్చిన సున్నితం, పాలు లేని టీకి అందం తెస్తుంది. దేన్నైనా చెక్కగానే వేయండి. పొడి వేస్తే అడుగున జిగటగా పేరుకుంటుంది. కాసియాలో కూమరిన్ అనే పదార్థం ఉంటుంది, అది అతిగా ఒంట్లోకి వెళితే కాలేయానికి మంచిది కాదు. ఐరోపా ఆహార భద్రతా సంస్థ శరీర బరువు కిలోకు రోజుకు 0.1 మిల్లీగ్రాము కూమరిన్ దాటకూడదని పరిమితి పెట్టింది. టీలో చిన్న ముక్క వేసుకుంటే భయమేమీ లేదు. కానీ ఆరోగ్యమని చెప్పి రోజూ చెంచాల కొద్దీ కాసియా పొడి తాగేవాళ్లను చూశాను. దయచేసి అలా చేయకండి.

మిరియాల కారం నీళ్లలో అంతగా కరగదు, కొవ్వులో బాగా కరుగుతుంది. అందుకే పాల టీలోనే మిరియం బాగా తెలుస్తుంది. రెండు కప్పులకు మూడు గింజలు చితగ్గొట్టి వేస్తే సరి.

ఇక్కడే ఇంకో సంగతి చెప్పాలి. పాలలోని కొవ్వు వాసనలను పట్టి ఉంచుతుంది, పాల ప్రోటీన్ వగరును తగ్గిస్తుంది. కాబట్టి పాల టీకి రాసిన కొలతలు పాలు లేని టీకి పనికిరావు. పాలు లేకపోతే మసాలా సగానికి తగ్గించండి.

ఆకులు, పూలు, తొక్కలు

నాకు బాగా ఇష్టమైన భాగం ఇది. చాలామంది వీటిని పట్టించుకోరు.

నిమ్మగడ్డి గురించి ముందు చెబుతాను. పాల టీలో నిమ్మ పరిమళం కావాలని ఎప్పుడైనా అనిపించిందా? నిమ్మరసం పిండితే పాలు విరుగుతాయి, ఆ పులుపుకు పాల ప్రోటీన్ ముద్ద కడుతుంది. నిమ్మగడ్డిలో సిట్రాల్ అనే నిమ్మ వాసన పదార్థం దండిగా ఉంటుంది, పులుపు ఉండదు. అందుకే పాలలో హాయిగా ఒదిగిపోతుంది. రెండు ఆకులను ముడివేసి, కొంచెం నలిపి, అల్లంతో పాటు నీళ్లలో రెండు నిమిషాలు మరగనివ్వండి. అల్లం, నిమ్మగడ్డి జంట ఒక్కసారి రుచి చూస్తే మీ ఇంట్లో మసాలా డబ్బా తెరవడం తగ్గిపోతుందని నా నమ్మకం. కుండీలో కూడా సులువుగా పెరుగుతుంది.

తులసిలోనూ లవంగంలో ఉన్న యూజినాలే ఉంటుంది. అందుకే ఆ రెండూ కలిపి వేయడం వృథా, ఏదో ఒకటి వేయండి. తులసి, పుదీనా రెండూ పొయ్యి కట్టేశాకే. చేత్తో చిదిమి వేసి మూత పెట్టి మూడు నిమిషాలు ఉంచండి. మరిగిస్తే పుదీనాలో చల్లదనం పోయి ఉడికిన ఆకుకూర వాసన వస్తుంది. పుదీనాకు పాల కంటే గ్రీన్ టీ గానీ, పాలు లేని టీ గానీ మంచి తోడు.

నిమ్మరసం పాలు లేని టీలో మాత్రమే. పిండగానే టీ రంగు లేతబడుతుంది, గమనించే ఉంటారు. టీలోని రంగు పదార్థాలు పులుపు తగిలితే అలా మారతాయి, టీ పలుచబడిందని అనుకోకండి. కొన్ని చుక్కలతో ఆపండి. రసం కంటే తొక్కలో పరిమళం ఎక్కువ. నిమ్మ, కమలా తొక్క పై రంగు పొరను మాత్రం పలుచగా గీరి వేయండి, లోపలి తెల్లటి పొర చేదు. ఎండబెట్టిన కమలా తొక్క, చిన్న దాల్చినచెక్క, పొడవాటి ఆకు టీ, ఈ మూడూ కలిస్తే చాలా బాగుంటుంది. బయట కొన్న పండ్ల తొక్కల మీద మైనం పూత, మందుల అవశేషాలు ఉండవచ్చు కాబట్టి గోరువెచ్చని నీళ్లలో బాగా రుద్ది కడగండి.

గులాబీ రేకులు వాడాలనుకుంటే తినడానికని అమ్మేవే వాడండి, లేదా మందు కొట్టకుండా మీరు పెంచినవి. పూలదుకాణంలో అలంకరణకు అమ్మే పూలకు ఏ మందులు కొట్టారో మనకు తెలియదు. కుంకుమపువ్వును నేరుగా టీలో పడేస్తే దండగ. నాలుగైదు పోగులను రెండు చెంచాల వెచ్చటి పాలలో పావుగంట నానబెట్టి, ఆ పాలు కప్పులో కలపండి. దానితో వేరే మసాలా ఏదీ వద్దు, మహా అయితే ఒక యాలక్కాయ.

తీపి

బెల్లంలో సహజంగానే కొంచెం ఆమ్లగుణం, ఖనిజ లవణాలు ఉంటాయి. పాలతో కలిపి మరిగిస్తే విరగడానికి ఇవే కారణం. టీ వడకట్టి, నిమిషం ఆగి, తురిమిన బెల్లం కప్పులో వేసి కలపండి. లేదా ముందే కొద్ది నీళ్లలో కరిగించి, వడపోసి, పాకంలా సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టుకోండి. ఇసుక, నలకలు ఉన్నా పోతాయి. ముదురు రంగు బెల్లానికి రుచి ఎక్కువ. బెల్లానికి శొంఠి, మిరియం బాగా కుదురుతాయి. సున్నితమైన కుంకుమపువ్వు, గులాబీ దాని ముందు నిలబడవు.

తేనె కూడా కప్పు కాస్త చల్లారాకే, తాగే వేడికి వచ్చాక. మరిగే టీలో వేస్తే తేనెకుండే పూల వాసన పోయి ఉత్తి తీపి మిగులుతుంది. ఏడాది లోపు పిల్లలకు ఏ రూపంలోనూ తేనె ఇవ్వకూడదు, ఇది మర్చిపోకండి.

తీపి తగ్గించాలనుకునేవారికి సోంపు మంచి సాయం. దానిలోని అనెథోల్ నాలుకకు తియ్యగా తగులుతుంది. మా నాన్నకు షుగర్ వచ్చినప్పుడు ఒక్కసారిగా చక్కెర మానేసి టీ తాగలేక చాలా ఇబ్బంది పడ్డారు. అర చెంచా సోంపు చితగ్గొట్టి నీళ్లలో మరిగించి, చక్కెర వారానికి కొంచెం చొప్పున తగ్గిస్తూ వచ్చాం. రెండు నెలలకు చక్కెర లేకుండానే అలవాటైంది. ఒకటి గుర్తుంచుకోండి: తీపి ఒక్కసారిగా తగ్గిస్తే మసాలా వాసన కూడా తగ్గినట్టు అనిపిస్తుంది. అప్పుడు మసాలా పెంచాలనిపిస్తుంది. పెంచకండి, నాలుకకు కొన్ని రోజులు గడువివ్వండి.

అతిమధురం వేరు కూడా టీకి తీపినిస్తుంది. అందులోని గ్లిసరైజిన్ చక్కెర కంటే 30 నుంచి 50 రెట్లు తియ్యన. కానీ రోజూ వాడితే రక్తపోటు పెరగవచ్చు, ఒంట్లో పొటాషియం తగ్గవచ్చు. బీపీ ఉన్నవారు, గర్భిణులు దీని జోలికి పోవద్దు. మిగతావారు కూడా ఎప్పుడో ఒకసారి మాత్రమే.

టీ పొరపాటున ఎక్కువ మరిగి చేదెక్కితే, కప్పులో ఒకటి రెండు ఉప్పు రేణువులు వేసి చూడండి. ఉప్పు చేదును అణుస్తుంది. ఉప్పదనం తెలియనంత తక్కువగా ఉండాలి.

మీ రెండు కప్పుల టీకి నా వరుస

ఒకటింబావు కప్పు నీళ్లు, దంచిన అల్లం పొయ్యి మీద పెట్టండి. తెర్లడం మొదలయ్యాక సెగ తగ్గించి, మూత ఓరగా పెట్టి మూడు నాలుగు నిమిషాలు. రెండు చెంచాల టీ పొడి వేసి ఇంకో నిమిషం. విడిగా కాచి వేడిగా ఉంచిన ముప్పావు కప్పు పాలు పోయండి. చల్లటి పాలు పోస్తే మళ్లీ పొంగు వచ్చేదాకా టీ పొడి ఉడుకుతూనే ఉంటుంది, వగరు అక్కడే పెరుగుతుంది. ఒక పొంగు రాగానే చితగ్గొట్టిన యాలకులు వేసి, పొయ్యి కట్టి, మూత గట్టిగా పెట్టండి. రెండు నిమిషాల తర్వాత వడకట్టండి. చెంచాతో పిప్పిని నొక్కి పిండకండి, చివర దిగేది వగరే.

మొదటి వారం అల్లం, యాలకులు తప్ప ఇంకేమీ వేయకండి. రెండో వారం యాలకులు తీసేసి తులసి. మూడో వారం దాల్చినచెక్క ఒక్కటే. ఇలా ఒక్కో దినుసు గొంతు విడిగా విన్నాక మీ ఇంటి మిశ్రమం మీరే కలపగలరు. ఒక పుస్తకంలో కొలతలు రాసి పెట్టుకోండి. నేను ఇప్పటికీ రాసుకుంటాను.

జాగ్రత్తలు కొన్ని

రక్తం పలుచబడే మందులు వాడేవారు అల్లం, లవంగం, దాల్చినచెక్క లాంటివి కషాయంలా పెద్ద మోతాదులో రోజూ తాగే ముందు డాక్టర్‌ను అడగాలి. టీలో వేసే కొంచెంతో సాధారణంగా ఇబ్బంది ఉండదు. రక్తహీనత ఉన్నవారు భోజనంతో పాటు టీ తాగకూడదు, ఆహారంలోని ఇనుము ఒంటికి పట్టకుండా టీ అడ్డుపడుతుంది. కనీసం గంట ఎడం ఇవ్వండి. తులసి వేసినా, అల్లం వేసినా టీలోని కెఫీన్ అలాగే ఉంటుంది. రాత్రి నిద్ర పట్టనివారికి టీ పొడి లేకుండా అల్లం, నిమ్మగడ్డి నీళ్లే మేలు.

ఇక టీ డబ్బా

యాలకుల తొక్కలు పారేయొద్దన్నాను కదా. పొడి టీ చుట్టుపక్కల వాసనలను స్పంజిలా పీల్చుకుంటుంది. మల్లె టీ తయారయ్యేది ఇలాగే. తాజా మల్లెమొగ్గలను ఆకుతో కలిపి రాత్రంతా ఉంచుతారు, మొగ్గలు విచ్చుకుంటూ వదిలిన పరిమళాన్ని ఆకు తీసుకుంటుంది, తర్వాత పూలు ఏరేస్తారు. మంచి టీలకు ఇలా చాలాసార్లు పూలు మార్చి చేస్తారు. ఇంట్లో పూలతో చేస్తే తేమ మిగిలి బూజు పట్టే అవకాశం ఉంది కాబట్టి నేను చెప్పను. ఎండిన యాలకుల తొక్కలు, ఎండిన కమలా తొక్క అయితే భయం లేదు. 200 గ్రాముల టీ డబ్బాలో నాలుగైదు ముక్కలు వేసి మూత బిగించి వారం ఉంచండి. మూత తీయగానే తేడా తెలుస్తుంది.

ఇదే గుణం వల్ల చెడు కూడా జరుగుతుంది. ఒకసారి మా దగ్గరకు వచ్చిన మంచి టీ సంచుల్లో ఒకటి సబ్బు వాసన వేసింది. దారిలో ఎక్కడో సబ్బు పెట్టెల పక్కన పెట్టారు. అంత మంచి ఆకు, మొత్తం పక్కన పడేయాల్సి వచ్చింది. మీ టీ డబ్బా ఇంగువ పక్కనో, ఉల్లిపాయల బుట్ట పైనో, మూత సరిగ్గా పట్టని ప్లాస్టిక్ డబ్బాలోనో ఉందేమో ఇవాళే ఒకసారి చూడండి. స్టీలు డబ్బాలో, వెలుతురు తగలని చోట, పొయ్యికి దూరంగా పెట్టండి. వాడుతున్న పొడి ఇప్పటికే ఏదో వాసన పట్టి ఉంటే పైన చెప్పినవేవీ దాన్ని బాగుచేయలేవు. కొత్త పొట్లం విప్పి దానితో మొదలుపెట్టండి. రెండు వారాల తర్వాత ఎలా ఉందో, ముఖ్యంగా పాలు విరగడం ఆగిందో లేదో రాయండి. ఆగకపోతే మీరు వేసే వరుస చెప్పండి, ఎక్కడ తేడా వస్తోందో చూద్దాం.